లీటరుకు పద్నాలుగు

మా బావ నన్ను తిట్టదలచుకుంటే నా ముఖం చూడడు, బండి ముందు చక్రం వైపు చూస్తాడు. ఆ ఉదయం కళ్లంలో టమాటా పెట్టెలు ఎక్కిస్తున్న కూలివాళ్లు ముగ్గురూ వింటుండగా ఆ చక్రానికే చెప్పాడు.

“లీటరుకు పద్దెనిమిది ఇస్తా ఉండిన బండి పద్నాలుక్కి వచ్చేసింది. బండికి ఏమీ కాలేదు. తోలేవాళ్లకి తోలేది రాదు, అంతే. రాగి కోత అయ్యేలోపల ఇది సరిగా రాకుంటే నా బామ్మర్దిని పిలిపిస్తాను. వాడు తోల్తాడు బండి.”

నాకు ఒళ్లు మండిపోయింది. తోలేవాళ్లు అని బహువచనంలో అన్నా, ఆ బండి తోలేది నేనొక్కదాన్నే. కూలివాళ్లు పెట్టెల మీద తలలు వంచుకుని ఏమీ విననట్టు నటించారు. నేను తాళం తిప్పి, కావాలనే గట్టిగా హారన్ కొట్టి, రాయకోట మార్కెట్టుకు బయలుదేరాను.

బావ అంటే నా భర్తకు అన్న. మా ఊరు డెంకణికోట దాటి అడవి వైపు పోయే దారిలో ఉంది. నా భర్త హోసూరులో ఒక కంపెనీలో షిఫ్టుల పని చేస్తాడు. వారంలో సగం రోజులు అక్కడే ఉంటాడు. తమిళంలో కుట్టియానె, అంటే ఏనుగు పిల్ల, అని ముద్దుగా పిలుస్తారే, ఆ చిన్న లోడు బండిని అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నారు. కొన్నప్పుడే పనులు పంచుకున్నాం. రెండిళ్ల పంటనూ మార్కెట్టుకు చేర్చడం నా పని. రాగి చేనికి కావలి ఉండడం బావ పని. చలికాలంలో రాగి కంకి గట్టిపడే వేళకు ఏనుగులు అడవి దిగి వస్తాయి కాబట్టి పక్కపక్క చేన్లున్న మూడిళ్ల వాళ్లం వంతులు వేసుకున్నాం. వంతు వచ్చిన ఇంటివాళ్లు ఆ రాత్రి టార్చిలైటు, టపాకాయలు పెట్టుకుని మంచె మీద కూర్చోవాలి. అన్నదమ్ములిద్దరినీ ఒకే ఇంటిగా లెక్కపెట్టుకున్నాం, మూడు రాత్రులకొకసారి మా వంతు వచ్చేది.

బండి చేతికి రాకముందు నేనూ హోసూరు కంపెనీ బస్సు ఎక్కినదాన్నే. తెల్లవారకముందే లేచి, ఎనిమిది గంటలు నిలబడి, ఇనుప ముక్కల్ని ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసి పక్కన వేసేదాన్ని. వెనకాల ఒకాయన నిలబడి “వేగంగా, వేగంగా” అంటూ ఉండేవాడు. నడుము పోయింది, పని మానేశాను. ఆదివారాలు కెలవరపల్లి డ్యాము దగ్గర ఖాళీ రోడ్డు మీద నా భర్త బండి నేర్పించాడు. లైసెన్సు పరీక్ష రోజు అక్కడి ఆయన “లోడు బండికేనా అమ్మా, సరిగా రాసినారా?” అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అవునన్నాను. రాయకోట మార్కెట్టులో మొదటి రోజు రివర్సు తీస్తుంటే నలుగురు మగవాళ్లు పరుగున వచ్చి చేతులు ఊపడం మొదలుపెట్టారు. “మీరు పక్కకు జరిగితే చాలన్నా” అన్నాను. జరిగారు. రెండు లారీల మధ్య బండి పెట్టాను. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం నా పెళ్లిలో కూడా కలగలేదు, ఆ మాట నా భర్తకూ చెప్పాను.

అలాంటి స్టీరింగును బామ్మర్దికి ఇస్తానంటాడా! ఆయన బామ్మర్ది మోటారుబైకునే రెండు కాళ్లూ నేలకు ఆనించి తోలే రకం.

అయినా పద్నాలుగు మాట అబద్ధం కాదు. ఫుల్ ట్యాంకు పోయించి, మీటరు చూసి, నేనూ లెక్క వేశాను. పద్నాలుగే. మా వైపు మనిషి కనిపిస్తే అన్నం తిన్నావా అన్న తర్వాత అడిగే మాట, బండి ఎంత ఇస్తోంది అని. నేను నిజం చెప్పేదాన్ని, ఒక్కొక్కరు ఒక్కో తప్పు చెప్పేవారు. ఒకాయన డీజిల్ పోసే పంపు తప్పన్నాడు. దాంతో బావ ఇక తమిళనాడు డీజిలే వద్దు, రాష్ట్రం గడి దాటి కర్ణాటకలో పోయించమన్నాడు. పోయించాను. పద్నాలుగే వచ్చింది. ఇంకొకాయన టైర్లలో గాలి తప్పన్నాడు. గాలి పట్టించాను. ఫిల్టరు మార్పించాను. రోడ్డు తప్పు, చలి తప్పు, దిష్టి తప్పు అన్నవాళ్లూ ఉన్నారు. దిష్టి తగలకుండా మా తోటికోడలు నిమ్మకాయ కూడా కట్టింది. చివరికి అందరి వేళ్లూ తిరిగి తిరిగి నా కుడికాలి మీదికే వచ్చేవి. ఆక్సిలేటరు తొక్కుతుంది, క్లచ్చి మీద కాలు తియ్యదు, గేరు మార్చదు. నేను తోలుతుండగా పక్కన కూర్చుని ఒక్కసారైనా చూసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

హోసూరు బైపాసు పక్కన మేము బండి చూపించే మెకానిక్ ఒకడున్నాడు. బావ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. మెకానిక్ బండి మూత తీసి చూసి, నాతో కాకుండా బావతో మాట్లాడాడు.

“ఇంజన్ల ఏమీ లేదన్నా. తోలేవాళ్లని బట్టి ఉంటాది.”

“తోలేది నేనే, నాకు చెప్పప్పా” అన్నాను.

“లేదు మేడమ్, ఆడవాళ్లు కొంచెం క్లచ్చి మీదే కాలు పెట్టి...”

“అయితే ఎక్కు. నా పక్కన కూర్చో. రాయకోటకు లోడు పోతా ఉండాను. నా కాళ్లనే చూస్తా రా.”

ఎక్కక తప్పలేదు అతనికి. బావ కూడా వెనక లోడు మీద కూర్చున్నాడు. ట్యాంకు నిండా పోయించి బయలుదేరాం. పోయేటప్పుడు నిండు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. తిరిగొచ్చి మళ్లీ అదే పంపులో నిండా పోయిస్తే పద్దెనిమిదికి కొంచెం పైనే వచ్చింది. మెకానిక్ మంచివాడే, మాట దాచుకోలేదు. “బండీ బాగుండాది, తోలేదీ బాగుండాది” అన్నాడు. నేను బావ వైపు చూశాను. ఆయన తువ్వాలుతో దుమ్ము దులుపుకుంటూ, “మనం ఉండాము కాబట్టి ఈ పొద్దు జాగ్రత్తగా తోలింది” అన్నాడు. అలాంటి మనిషి ముందు ఏం రుజువు పెట్టి ఏం లాభం?

నేను ఒక్కదాన్నే తోలే రోజుల్లో మాత్రం మళ్లీ పద్నాలుగు. బండిలో లోపం లేదు, నాలో లోపం లేదు. అయితే డీజిల్ ఎవరో తీస్తున్నారని అనుకున్నాను. మా ఇంటి సందు ఇరుకు కాబట్టి బండిని రాత్రుళ్లు ఊరి బయట మా చేని పక్కనున్న కళ్లంలో పెట్టేదాన్ని. కళ్లాన్ని ఆనుకుని ఉన్న తోట ఇంట్లో మా అత్త ఒక్కతే ఉంటుంది. బండి రెండో తాళం ఆమె దగ్గరే ఉండేది, నేను వచ్చేలోపు కూలివాళ్లు తలుపు తీసి తాళ్లూ టార్పాలిన్లూ దించుకోవడానికి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ కూలివాళ్లలో ఒకతనికి డీజిల్‌తో నడిచే సొంత మోటారుపంపు ఉంది. ఒకరోజు అతని పక్కన డీజిల్ క్యాను కనిపించగానే నా నోరు ఆగలేదు. “ఆ క్యాన్ల ఉండేది ఎవరి బండిదప్పా?” అని అందరి ముందూ అడిగేశాను. అతను చేతిలోని పెట్టెను మెల్లగా కింద పెట్టి వెళ్లిపోయాడు. మరునాటి నుంచి మా లోడుకు రాలేదు. నన్ను ఎలా అవమానించారో నేనూ అతణ్ణి అలాగే అవమానించాను, ఆ రోజు నాకు అది తెలియలేదు. పైగా దొంగను పట్టేశానన్న పొగరుతో ట్యాంకు మూతకు కొత్త తాళం వేయించి, దాని తాళంచెవి మెడలో తాడుకు కట్టుకున్నాను.

తాళం వేసినా డీజిల్ తగ్గింది. సాయంత్రం బండి నిలిపినప్పుడు డీజిల్ ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాను. రెండు రోజులు ఉదయం కూడా అక్కడే ఉంది. మూడో ఉదయం కిందికి దిగి ఉంది. మీటరులో ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. మూత మీద గీత కూడా పడలేదు.

అది బీన్సు లోడు రోజు, మామూలు కంటే ముందే వచ్చాను. మా వైపు చలి ఎలాంటిదంటే ఆ వేళలో స్టీరింగు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. బండెక్కి కూర్చున్నాను. సీటు వెచ్చగా ఉంది. ఈ బండికి ఇంజను సీటు కిందే ఉంటుంది. రాత్రంతా చలిలో నిలబడిన బండికి సీటు వెచ్చగా ఎందుకు ఉంటుంది? దిగి అడుగున చెయ్యి పెట్టి చూశాను, ఇంజను కాలుతోంది. మళ్లీ ఎక్కి చూస్తే సీటు ముందుకు జరిగి ఉంది, నా మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నాయి. మా ఇళ్లలో అంత ముందుకు జరుపుకుని కూర్చోవలసినంత పొట్టి మనిషి ఒక్కతే. డ్యాష్‌బోర్డు మీద సగం కొరికిన వక్క కూడా ఉంది.

అత్త తోట ఇంటి ముందు పొయ్యి రాజేస్తోంది. నేరుగా అడిగాను.

“అత్తా, రాత్రి బండి స్టార్ట్ చేసినావా?”

ఆమె దాచలేదు. “చేసినాను. ఏం, పాడైపోయిందా?”

“నీకు తోలేది వచ్చునా?”

“తోలేది రాదు. తాళం తిప్పేది వచ్చు, లైటు వేసేది వచ్చు. మార్కెట్టుకు నీ పక్కనే కదా వస్తా ఉండాను, కండ్లు లేవా నాకు?”

“ఎన్నాళ్ల నుంచి?”

“మీ బావ వంతు వచ్చినప్పుడల్లా.”

నాకు అర్థం కాలేదని గ్రహించి, గొంతు తగ్గించి చెప్పింది. “వాడు మంచె ఎక్కేదే లేదమ్మా. పోయినేడు ఒంటి ఏనుగు వచ్చి మంచె కంబాన్ని ఊపింది కదా, అప్పటి నుంచి వానికి కాళ్లు ఆడవు. సాయంత్రం అందరికీ కనపడేటట్ల టార్చి పట్టుకుని పోతాడు. చీకటైనంక ఈడికొచ్చి పండుకుంటాడు. చేను ఎవరు చూడాల? నేను మంచె ఎక్కలేను. బండి స్టార్ట్ చేసి చేని వైపు లైటు వేసి కూర్చుంటే, ఆ శబ్దానికి అవి ఆ పక్కకు తిరుక్కుని పోతా ఉండాయి.”

“తెల్లారేదాకానా? డీజిల్ అంతా అయిపోతుంది కదత్తా!”

“ఎట్ల అయిపోతుంది? బండి కదలనే లేదు కదా. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని మీరే కదా చెప్తా ఉంటారు. ఉన్నచోటే ఉండే బండికి డీజిల్ ఏంటికి?”

నేను పొయ్యి పక్కన కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇంట్లో రోజూ కిలోమీటర్లూ లీటర్లూ అని అరుచుకోవడం విని, ఆమె తనకు తానుగా వేసుకున్న లెక్క అది. కదిలితేనే ఖర్చు. ఆ లెక్క ప్రకారం ఆమె రాగి చేనిని దమ్మిడీ ఖర్చు లేకుండా కాపాడింది. నిలబడినా ఇంజను తాగుతూనే ఉంటుందని నేను చెప్పాక, చేతిలోని పుల్లను పొయ్యిలో పెట్టడం కూడా మరచిపోయి నన్నే చూసింది.

“అయితే ఇన్నాళ్లూ నిన్ను తిట్టించింది నేనా?”

ఆ క్షణంలో అవునని ముఖం మీదే అనాలనిపించింది. అనలేదు. “బావకు తెలుసునా, రాత్రి ఇంజను ఆడతా ఉంటుందని?” అని అడిగాను.

“ఆ శబ్దం వింటానే కదా పండుకునేది.”

అత్త చదువుకోలేదు, ఆమెకు తెలియకపోవచ్చు. బావ పదేళ్లు ట్రాక్టరు తోలిన మనిషి. నిలబడిన ఇంజను డీజిల్ తాగుతుందని ఆయనకు తెలియదా? గోడకవతల ఇంజను ఆడుతుంటే దుప్పటి కప్పుకుని పడుకుని, తెల్లవారి కళ్లంలో నిలబడి నాకు తోలడం రాదన్నాడు.

“చెప్పొద్దమ్మా,” అంది అత్త. “మగోడు. నలుగురిలో నవ్వులపాలైపోతాడు.”

“నన్ను నవ్వులపాలు చేసినప్పుడు అత్తా?”

ఆమె చేతిలోని పుల్లను అప్పుడు పొయ్యిలో పెట్టింది. నేను మాట ఇవ్వలేదు.

ఆ రోజు మార్కెట్టు నుంచి వస్తూ ఆ కూలి మనిషి ఇంటికి పోయాను. అతని భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది, నిలబడాల్సిందే. “తప్పు నాది. నీ మొగుడు దొంగ కాదు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెప్తాను” అన్నాను. అతను లోపలి నుంచి బయటికి రాలేదు. మరుసటి రోజు కళ్లంలో మిగిలిన ఇద్దరు కూలివాళ్ల ముందూ అదే మాట చెప్పాను. ఆ తర్వాతి లోడుకు అతను వచ్చాడు, నాతో మాత్రం మాట్లాడలేదు.

బావ విషయంలో రెండు రోజులు మథనపడ్డాను. చెప్పేస్తే ఆ నిమిషానికే బయటపడతాను. కానీ బయటపడి ఏం చేసుకోవాలి? ఈసారి ఇది, వచ్చే నెల టైరు పగులుతుంది, ఆపై ఏడు మరొకటి అరుగుతుంది. ప్రతిసారీ నేను నేరం చెయ్యలేదని సాక్షులను వెతుక్కుంటూ బతకాలా? ఆయన బామ్మర్ది తోలితే ఎవరైనా అడుగుతారా, బండి ఎంత ఇస్తోందని? ఈ ఆలోచన వచ్చాక నా మనసు గట్టిపడింది.

రాగి కోత చివరి రోజు మూడిళ్ల వాళ్లూ కళ్లంలోనే ఉన్నారు. బామ్మర్ది ఇస్త్రీ చొక్కా వేసుకుని బైకు మీద దిగాడు. బావ నా వైపు చెయ్యి చాపాడు.

“తాళం వానికి ఇచ్చెయ్యమ్మా. రేపటి నుంచి నీకూ కష్టం లేదు.”

“ఇయ్యను” అన్నాను.

“ఏంది?”

“ఇయ్యను బావా. బండి పద్నాలుగు ఇచ్చినా, పది ఇచ్చినా నేనే తోల్తాను. మీ చేన్ల పోయినేడు రాగి సగానికి సగం తగ్గింది. నాగలి ఇచ్చెయ్యమని మిమ్మల్ని ఎవురన్నా అడిగినారా? పని పంచుకున్నాము. నా వంతు పని ఒక్కరోజు ఎగ్గొట్టినానా చెప్పండి.”

వంతు అన్న మాట నేను ఆయన్ను గుచ్చడానికి వాడలేదు, నోటికి వచ్చింది. కానీ ఆ మాటకు బావ ముఖం మారింది. నేను అక్కడితో ఆగాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పకూడదని ముందే అనుకున్నాను. అప్పుడు అవతల రాగులు చెరుగుతున్న అత్త చేట కింద పెట్టి లేచింది.

“ఆ డీజిల్ నేను తగలబెట్టినాను” అంది.

నిలబడి మొత్తం చెప్పింది. ఇంజను పెట్టడం, లైటు వెయ్యడం, కదలని బండికి ఆకలి ఉండదనుకోవడం. ఎవరి వంతు రాత్రుల్లో అన్నది చెప్పేటప్పుడు మాత్రం కొడుకు వైపు చూసి తడబడింది. మిగిలిన రెండిళ్ల వాళ్లు వేళ్ల మీద లెక్క వేసుకుని ఆయన వైపే తిరిగారు. బామ్మర్ది తన బైకు అద్దంలో ముఖం చూసుకోవడం మొదలుపెట్టాడు.

బావ చాలాసేపు తువ్వాలు మడత పెట్టాడు. “నిలబడిన బండి ఎంతలే తాగేది, సుమ్మనే, ఊరికే ఒక గ్లాసు” అన్నాడు. మడిచిన తువ్వాలు మళ్లీ విప్పి, “తప్పంతా ఆ ఏనుగులది” అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. అత్త కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“భయం తప్పు కాదు బావా. ఒంటి ఏనుగు వచ్చి కంబం ఊపితే నేనైనా పరిగెత్తేదాన్నే. నీ భయం తాగిన డీజిల్‌ని నా కాళ్ల మీద రాసినావు చూడు, అది తప్పు.” అంతవరకూ మీరు అంటూ వచ్చిన నాలుక ఆ ఒక్క మాటకు నువ్వు అంది. నేను దిద్దుకోలేదు.

పక్క చేని పెద్దాయన కల్పించుకుని, వచ్చే ఏటి నుంచి వంతుకు ఇద్దరిద్దరు మంచె ఎక్కాలని, అప్పుడు ఎవరికీ భయం ఉండదని తీర్పు చెప్పాడు. తనకూ ఒంటరిగా భయంగానే ఉండేదని ఆయన అప్పుడు ఒప్పుకున్నాడు. బావ తల ఊపాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, చాలా పెద్ద మనసు చేసుకున్నవాడిలా, “సరేలేమ్మా, నువ్వే తోలు” అన్నాడు.

“మీరు తోలమంటే తోలేది కాదు బావా” అన్నాను. “వద్దన్నా తోల్తా ఉండినాను.”

ఆ మధ్యాహ్నం టమాటా లోడు ఎక్కించుకుని రాయకోటకు పోయాను. అత్త పక్కన కూర్చుంది. పంపు దగ్గర ఫుల్ ట్యాంకు పోయించేటప్పుడు అలవాటు కొద్దీ చెయ్యి మీటరు వైపు పోయింది, వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు బండి లీటరుకు ఎంత ఇచ్చిందో నాకు తెలియదు. ఇంటికి వచ్చాక అడిగినవాళ్లు ఉన్నారు. చూడలేదని చెప్పాను.